తేలిక మేస్త్రీ చెప్పిన అంకెలు

కాగితాల మీద ఆయనకొక పేరు ఉంది. ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. ముప్ఫై నాలుగేళ్ళుగా అందరికీ ఆయన తేలిక మేస్త్రీ. ఇళ్ళూ ఆఫీసులూ మారేవాళ్ళ సామాను మోసే జట్టుకి పెద్ద. లిఫ్టు లేని భవనం అనగానే మిగతావాళ్ళు మొహం చిట్లిస్తే, ఈయన చొక్కా చేతులు మడుస్తాడు. ఏ సామాను చూపించి "ఎలా ఉంటుంది మేస్త్రీ?" అనడిగినా, తల కాస్త పక్కకి వంచి, కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, "తేలికే" అంటాడు. ఫ్రిజ్జు తేలికే. నాలుగు తలుపుల బీరువా తేలికే. ఒకసారి ఒక వ్యాయామశాల సామానంతా ఐదో అంతస్తుకి చేర్చి, ఇనప పళ్ళేలు గోడవారగా పేరుస్తూ, "మనకి డబ్బిచ్చి ఎత్తిస్తారు, వీళ్ళు డబ్బిచ్చి మరీ ఎత్తుతారు. లోకంలో ఎన్ని రకాల మనుషులురా" అన్నాడు.

ఇదంతా గొప్పలకు పోవడమని అనుకోకండి. కొంత అదీ లేకపోలేదు గానీ, అసలు సంగతి వేరు. ఆ జట్టులో ఒక కట్టుబాటు ఉంది. మెట్ల మీద ఉండగా 'బరువు' అన్న మాట నోట రాకూడదు. ఎత్తకముందు అనుకోవచ్చు, దించాక తిట్టుకోవచ్చు, మధ్యలో మాత్రం అనకూడదు. మేస్త్రీకి పని నేర్పిన పెద్ద మేస్త్రీ పెట్టిన నియమం అది. "బరువు చేతుల్లో ఉండదురా, చెవుల్లో ఉంటుంది. పైనున్నవాడు బరువన్నాడంటే కిందున్నవాడి మోకాళ్ళు అప్పుడే వదులవుతాయి" అనేవాడట. ఇరవై నాలుగేళ్ళ వయసులో విన్న ఆ మాటని మన మేస్త్రీ తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ వయసులో విన్నవి అంత సులభంగా వదలవు.

గుండె కూడా మెట్ల మీదే మొరాయించింది. ఒక ఇనప బీరువాని నాలుగో అంతస్తుకి ఎక్కిస్తున్నారు. పైకొన పట్టుకుని వెనక్కి వెనక్కి ఎక్కుతున్నది మేస్త్రీ. మలుపుల దగ్గర తిప్పాల్సింది పైవాడే కాబట్టి ఆ చోటు ఎప్పుడూ ఆయనదే. కింద కొన మోస్తున్నది ఆయన బామ్మర్ది. భార్యకి స్వయానా తమ్ముడు, ఇరవై ఆరేళ్ళుగా జట్టులో ఉన్నవాడు. రెండో అంతస్తు మలుపులో మేస్త్రీ ఛాతీలో ఏదో పట్టేసింది. ఎడమచెయ్యి మోచేతి దాకా లాగింది. చెమటలు దిగకారాయి.

"ఏం బావా, ఆగావు?" అన్నాడు కింద నుంచి బామ్మర్ది.

"ఏం లేదు. తేలికే, పద."

అలా పదమంటూనే ఇంకో రెండంతస్తులు ఎక్కాడు. బీరువాని గదిలో దించి, ఒక కాలు ఎగుడుగా ఉందని దాని కింద అట్టముక్క మడిచిపెట్టి, తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూసి, అప్పుడు గోడకి జారబడి కూర్చున్నాడు. ఆ తర్వాత అంబులెన్సు, ఆసుపత్రి, మూసుకుపోయిన రక్తనాళంలోకి రెండు స్టెంట్లు. వార్డులో పలకరించడానికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన చెప్పిన మాట ఒక్కటే. "వదిలితే బామ్మర్ది మీద పడేది. నేను వదల్లేదు." అది నిజమే. ఆ నిజాన్ని ఆయన భార్య వారంలో నలభైసార్లు విన్నది. నలభై ఒకటోసారి, "వదలొద్దులెండి, దించొచ్చుగా. మలుపులో చోటు లేదా?" అంది. ఆయన మంచినీళ్ళు అడిగాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రెండోవారంలో వకీలుగారి ఫోను వచ్చింది. వయసు మీదపడి ఆఫీసు మూసేస్తున్నారాయన. మూడో అంతస్తులో ఆయన గదినిండా పుస్తకాలు, ఆ పుస్తకాలకి ఒక అద్దాల బీరువా. నిలువెత్తు టేకు, విడదీయడానికి ఒక్క మర కూడా లేని పాతకాలపు పని. పంతొమ్మిదేళ్ళ కిందట దాన్ని ఎక్కించింది మేస్త్రీయే. మూడు నెలల్లో కిందికి దించాలి.

"మీరుంటేనే చేయిస్తాను. లేకపోతే చెప్పండి, వేరేవాళ్ళని చూసుకుంటాను" అన్నారు వకీలుగారు.

"ఉంటానండీ. నా భుజమే ఉంటుంది దాని కింద" అన్నాడు మేస్త్రీ. అప్పటికి ఆయన స్నానాల గదికి వెళ్ళొస్తే పది నిమిషాలు మంచం మీద ఆయాసపడుతున్నాడు.

ఆయన భయం చావు గురించి కాదు, కుర్చీ గురించి. పని మానేసిన ముసలి మేస్త్రీలను ఆయన చూశాడు. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, దారినపోయేవాళ్ళని పిలిచి, ఒకప్పుడు తాము మోసినవాటి కథలు చెబుతుంటారు. వినేవాళ్ళు తొందరగా వెళ్ళిపోవాలని చూస్తుంటారు. అలాంటి కుర్చీలో తాను కూర్చోకూడదు. అందుకు వకీలుగారి బీరువా దారి. దాన్ని తన భుజం మీద దించితే మళ్ళీ మేస్త్రీ, లేకపోతే మాజీ మేస్త్రీ. అంతే లెక్క.

గుండె డాక్టరు మాత్రం మెట్లెక్కమనలేదు. "పన్నెండు వారాలు, వారానికి మూడురోజులు మా వ్యాయామ విభాగానికి రండి. గుండెకి మళ్ళీ పని నేర్పాలి. ఆఖర్న పరీక్ష పెడతాం. మోత సంగతి అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. మేస్త్రీ క్యాలెండరు చూసుకున్నాడు. పరీక్షకీ బీరువాకీ మధ్య సరిగ్గా ఐదురోజులున్నాయి.

ఆ విభాగం ఆసుపత్రి వెనక భాగంలో, కింది అంతస్తులో, మందుల గోదాముకి పక్కన ఒక పొడుగాటి హాలు. నాలుగు ట్రెడ్‌మిల్లులు, ఉన్నచోటే తొక్కే నాలుగు సైకిళ్ళు, గోడవారగా చిన్న చిన్న డంబెల్సు, ఎక్కిదిగడానికి రెండు చెక్క మెట్లు. ఒక మూల బల్ల, దానిమీద వచ్చినవాళ్ళందరి గుండెలూ గీతలుగా కనిపించే తెర. వచ్చినవాళ్ళకి ఛాతీ మీద మూడు బిళ్ళలు అతికించి, వాటి తీగలు కలిసే చిన్న పెట్టెని మెడలో వేలాడదీస్తారు. మేస్త్రీ మొదటిరోజు ఆ డంబెల్సుని చూసి జాలిపడ్డాడు. ఒక్కొక్కటీ రెండు కిలోలు.

"ఇవి ఎవరి పిల్లలవమ్మా?" అనడిగాడు.

"మీవేనండీ, నాలుగోవారం నుంచి" అంది హాలు చూసుకునే ఫిజియో అమ్మాయి. ముప్ఫై ఏళ్ళలోపే ఉంటుంది. గట్టిగా నవ్వదు, గట్టిగా మాట్లాడదు. మెడలో స్టెతస్కోపూ చేతిలో బీపీ పట్టీ లేకుండా ఆమెని ఎవరూ చూడలేదు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలడో కొలిచింది. రెండువందల తొంభై మీటర్లు. మేస్త్రీ ఆ అంకె విని, టేపు పొట్టిదేమోనని అనుమానించాడు.

గోడమీద ఒక పెద్ద పట్టీ వేలాడుతోంది. ఆరు నుంచి ఇరవై దాకా అంకెలు, వాటి పక్కన మాటలు. ఆరంటే ఏ శ్రమా లేదు. పదకొండంటే తేలిక. పదమూడంటే కొంచెం కష్టం. పదిహేడంటే చాలా కష్టం. ఇరవై అంటే ఇక ఒంట్లో ఏమీ మిగల్లేదని. నడుస్తుండగానో తొక్కుతుండగానో ఆమె వచ్చి "ఎంత?" అంటుంది. ఒంటికి ఎలా ఉందో చూసుకుని అంకె చెప్పాలి. పక్క సైకిలు మీద లెక్కల మాస్టారొకాయన తొక్కుతుంటాడు. పదవీ విరమణ చేసినా బెత్తం మాత్రం మనసులోంచి దింపనివాడు. "ఆరు నుంచి మొదలుపెట్టడమేమిటమ్మా? ఒకటి నుంచి ఐదు దాకా ఏమయ్యాయి?" అని నిలదీశాడు. అంకెని పదితో హెచ్చవేస్తే కుర్రవాళ్ళలో దరిదాపుగా గుండె వేగం వస్తుందని, అందుకే అలా పెట్టారని ఆమె చెప్పింది. మాస్టారు కాసేపు నోట్లోనే లెక్కవేసుకుని, ఒప్పుకున్నట్టు తలూపాడు.

"మీకు మాత్రం ఆ హెచ్చవేత పనిచెయ్యదు" అంది ఆమె మేస్త్రీతో. "మీరు వాడే మాత్ర గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. తెర మీద అంతా బాగానే కనబడుతుంది, లోపల శ్రమ ఎక్కువగా ఉండొచ్చు. అందుకని తెర చెప్పనిది మీరు చెప్పాలి. పదకొండుకీ పదమూడుకీ మధ్య ఉండేలా నేను పెంచుతూ పోతాను."

మేస్త్రీ శ్రద్ధగా విన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఇక్కడ వినేవాడే ఘటికుడు. ట్రెడ్‌మిల్లు ఎక్కి ఐదు నిమిషాలు నడిచాక ఆమె "ఎంత?" అంది. పిక్కలు లాగుతున్నాయి. ఊపిరి ముక్కు చాలక నోటిదాకా వచ్చింది. పట్టీ మీద తేలిక అన్న మాట ఎక్కడుందో వెతుక్కుని, "పదకొండు" అన్నాడు.

అలా నాలుగు వారాలు. అబద్ధమాడుతున్నానని ఆయన అనుకోలేదు. కాళ్ళు కదులుతున్నాయి, ఎదర ఎక్కాల్సిన ఎత్తు ఉంది, పక్కన మనిషి అడుగుతోంది. అలాంటప్పుడు నోట్లోంచి వచ్చే మాట ముప్ఫై నాలుగేళ్ళుగా ఒక్కటే. ఆమె ప్రతి మూడురోజులకీ వేగం కాస్త, వాలు కాస్త పెంచింది. ఆయన ప్రతిసారీ పదకొండన్నాడు. మహా అయితే పన్నెండు. లెక్కల మాస్టారు అసూయపడ్డాడు. "ఈయన గుండె ఇనుముతో చేశారా అమ్మా?" అన్నాడు. మేస్త్రీ ఆ మాటని ఇంటిదాకా జాగ్రత్తగా మోసుకెళ్ళి భార్యకి అప్పగించాడు.

ఆయన భార్య బట్టలు సరిచేసి కుట్టే పని చేస్తుంది. ప్యాంట్ల అంచులు, ఊడిన గుండీలు, పొట్ట పెరిగినవాళ్ళ నడుం పట్టీలు. ఆయనతో పాటు వచ్చి హాలు గుమ్మం దగ్గరున్న కుర్చీలో కూర్చుని చేతికుట్టు వేసుకునేది. తలెత్తి చూసేది తక్కువే గానీ, ఆ చెవులనుంచి ఏదీ తప్పించుకునేది కాదు. మేస్త్రీ 'పదకొండు' అన్నప్పుడల్లా సూది ఒక్క క్షణం ఆగేది.

ఐదోవారం మంగళవారం. ట్రెడ్‌మిల్లు వాలు ఆ రోజు బాగా పెరిగింది. మేస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది. ఊపిరి బిగబట్టి నడుస్తున్నాడు. బరువెత్తేటప్పటి అలవాటది. "ఊపిరి వదలండి, బిగబట్టకండి" అని ఆమె రెండుసార్లు చెప్పింది. "ఎంత?" అంది. "పదకొండు." "నిజంగానా?" "పదకొండేనమ్మా." మెల్లగా వేగం తగ్గించి, ఐదు నిమిషాలు చల్లబడుతూ నడిచి అప్పుడు దిగాలి. అది మొదటిరోజు నుంచీ చెబుతున్నదే. మేస్త్రీకి ఆ ఐదు నిమిషాలు ముసలివాళ్ళ వ్యవహారంలా తోచింది. ఎర్ర మీట నొక్కి బెల్టుని ఆపేసి, ఎంత తేలికో అందరికీ తెలియాలన్నట్టు ఒక్క అంగలో కిందికి దూకాడు.

రెండడుగులు వేశాడు. హాలు పక్కకి ఒరిగినట్టనిపించింది. మోకాళ్ళ మీద కూలబడుతుండగా ఫిజియో అమ్మాయి చంకల కింద చేతులేసి పట్టుకుంది. యాభై కిలోలు కూడా ఉండని మనిషి, ఎనభై కిలోల మనిషి మొత్తం బరువునీ తన మీదికి తీసుకుని, తానూ కూర్చుంటూ, తల నేలకి తగలకుండా పడుకోబెట్టింది. కాళ్ళు ఎత్తిపట్టమని మాస్టారుకి చెప్పింది. బీపీ చూసింది. బాగా పడిపోయి ఉంది. డాక్టరు పరిగెత్తుకొచ్చి గుండె గీత తీశాడు. అదృష్టం, గీత సరిగ్గానే ఉంది. పావుగంటలో మేస్త్రీ లేచి కూర్చున్నాడు, మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

డాక్టరు వెళ్ళాక ఆమె ఒక కాగితం తెచ్చుకుని ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. "జరిగింది రాసి ఇవ్వాలి. ఆపే ముందు నిజంగా ఎంతుంది మేస్త్రీగారూ?"

"పదకొండే."

"పదిహేడు" అంది గుమ్మం దగ్గరి నుంచి భార్య, సూది గుడ్డలో గుచ్చి పక్కన పెడుతూ. "ఆయన పళ్ళు కొరుక్కుంటే కుడి కణత మీద నరం లేస్తుందండీ. అది లేచిందంటే నిలబడడమే గొప్ప. మొదటివారం నుంచీ లేస్తోంది."

"మరి చెప్పలేదేమమ్మా?"

"నేను చెబితే ఆయన పట్టిన కుందేటికి నాలుగో కాలు మొలుస్తుందా? వాళ్ళ పనిలో మెట్ల మీద బరువన్న మాట ఎత్తకూడదండీ. పైనున్నవాడు తేలికంటూనే ఉండాలి, కిందున్నవాడు జడుసుకోకుండా. ఇదేదో మెట్లదారి అనుకుంటున్నారీయన."

ఫిజియో అమ్మాయి కాగితం వైపు చూసింది. కలం పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఇందాక పట్టుకున్నప్పటి బరువుకి కాబోలు. లేదా, ఆలస్యంగా వచ్చిన భయానికి.

"అయితే ఇక్కడ కింద ఉన్నది నేను" అంది. "మీ అంకె నమ్మి వాలు పెంచింది నేను. ఇవాళ ఏమన్నా అయ్యుంటే మీరు పడేది నా మీద. నన్ను జడిపించకుండా ఉండాలని మీరు చూశారు. నాకు కావలసింది ధైర్యం కాదు మేస్త్రీగారూ, ఎంత బరువుందో తెలియడం."

వకీళ్ళూ డాక్టర్లూ తిట్టినా చలించని మేస్త్రీ, ఆ వణికే చేతిని చూసి సిగ్గుపడ్డాడు. ఒకరి మీద పడబోయానన్న తలంపు ఆయనకి మింగుడుపడలేదు. ఆ రోజు ఇంటికి నడుస్తున్నంతసేపూ భార్య ఆ సంగతి ఎత్తలేదు. గెలిచినప్పుడు ఊరుకోవడం ఆమెకి తెలిసిన విద్య.

గురువారం మళ్ళీ మొదటికి తగ్గించి నడిపించారు. "ఎంత?" అంది ఆమె. మేస్త్రీ నోరు తెరిచి, మూసి, గోడమీది పట్టీ చూసి, మళ్ళీ తెరిచాడు. "పద్నాలుగు" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒంటి మీద బరువుండగా ఆయన నిజం చెప్పడం అదే మొదలు. చెవులు వెచ్చబడ్డాయి. ఎవరైనా నవ్వుతారేమోనని చూశాడు. మాస్టారు తన సైకిలు తాను తొక్కుకుంటున్నాడు. ఆమె వాలు ఒక మెట్టు తగ్గించింది, అంతే.

అక్కడి నుంచి పని దారిలో పడింది. అంకె నిజమైనప్పుడు పెంచడమూ సరిగ్గా కుదురుతుంది కాబోలు. ఏడోవారానికి, మునుపు పద్నాలుగనిపించిన నడక పదకొండైంది. ఈసారి నిజంగానే పదకొండు. రెండు కిలోల డంబెల్సుని చూసి జాలిపడ్డవాడికి, ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం రావడానికి పదిరోజులు పట్టింది. ఊపిరి బిగబట్టి ఎత్తితే లోపల రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుందని ఆమె చెప్పింది. "ఎత్తుతూ అంకె పైకి చెప్పండి. మాట్లాడేవాడు ఊపిరి బిగబట్టలేడు" అంది. ఆ కిటుకు మేస్త్రీకి తెగ నచ్చింది. ఇంట్లో నీళ్ళ బక్కెట్టు ఎత్తుతూ "తొమ్మిది" అని అరిస్తే, భార్య వేలంపాటేమో అనుకుంది. పదోవారంలో ఆరు నిమిషాల నడక మళ్ళీ కొలిచారు. నాలుగువందల అరవై మీటర్లు. ఈసారి టేపుని అనుమానించలేదు.

పన్నెండోవారం పరీక్ష. ట్రెడ్‌మిల్లు ప్రతి మూడు నిమిషాలకీ వేగమూ వాలూ పెరుగుతూ పోతుంది. మూడో దశ పూర్తిగా దాటితే, అంటే తొమ్మిది నిమిషాలు నిలబడితే, మోత గురించి ఆలోచిస్తానని డాక్టరు ముందే చెప్పాడు. మేస్త్రీ మొదటి దశ ఆడుతూ పాడుతూ దాటాడు. రెండోది ఊపిరి లెక్కపెట్టుకుంటూ దాటాడు. మూడో దశలో ఏడో నిమిషం గడిచింది. గోడ గడియారం ఎదురుగానే ఉంది.

ఏడున్నర దగ్గర ఛాతీలో ఆ మూల చిన్నగా పట్టింది. చిన్నగానే. ఇలాంటిది పెట్టుకుని రెండంతస్తులు ఎక్కినవాడికి తొంభై సెకన్లొక లెక్కా? పళ్ళు కొరుక్కుంటే సరిపోతుంది. వకీలుగారి బీరువా, తన భుజం, జట్టులో తన చోటు, అన్నీ ఆ తొంభై సెకన్ల అవతల ఉన్నాయి. పక్కన ఫిజియో అమ్మాయి నిలబడి ఉంది. బీపీ పట్టీకున్న రబ్బరు ఉండ పిసుకుతూ, గడియారం వైపు కాకుండా ఆయన మొహం వైపు చూస్తోంది.

"ఎంత?"

"పదిహేడు" అన్నాడు మేస్త్రీ. "ఛాతీలో పడుతోంది. ఆపండమ్మా."

ఆపారు. మెల్లగా నడిపించారు. కూర్చోబెట్టారు. డాక్టరు గీతల కాగితాన్ని వేలితో చూపించాడు. సరిగ్గా ఆ క్షణానికి గీత కిందికి వాలడం మొదలైంది. "ఇంకో నిమిషం లాగుంటే మనం ఇవాళ వేరే గదిలో ఉండేవాళ్ళం" అన్నాడు. మందు మార్చాడు. పదిహేను కిలోలకి మించి ఎత్తొద్దన్నాడు. మెట్లు ఎక్కొచ్చు, దిగొచ్చు, పనిలోకి వెళ్ళొచ్చు. మోత మాత్రం ఆరునెలల తర్వాత మళ్ళీ చూసి చెబుతానన్నాడు. చూసి చెప్పేదేమిటో మేస్త్రీకి డాక్టరు మొహంలోనే కనబడింది. పదిహేను కిలోలంటే ఒక కుర్చీ. అది కూడా మంచి కుర్చీ కాదు. ఏడుపొచ్చింది. హాలు బయట గోడకి తిరిగి కాసేపు ఏడ్చాడు, భార్య పక్కన నిలబడింది. అయినా అన్న అంకె వెనక్కి తీసుకోవాలని ఒక్కసారీ అనిపించలేదు.

మర్నాడు వకీలుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పాడు. "నేనుంటానండీ, భుజం ఉండదు."

వకీలుగారు కళ్ళద్దాల మీదుగా చూశారు. "మీరుండాలన్నాను. భుజం సంగతి మీరే కలిపారు" అన్నారు.

బీరువా రోజు వచ్చింది. అద్దాలకి దుప్పట్లు చుట్టి, అడుగునుంచి భుజాల మీదుగా మోత పట్టీలు వేసుకున్నారు. పైకొనకి, ఇన్నాళ్ళూ మేస్త్రీ నిలబడిన చోటికి, లారీ నడిపే డ్రైవరు వెళ్ళాడు. పక్కలకి ఇద్దరు. కింద కొనకి మామూలుగా బామ్మర్ది. ఎత్తేముందు మేస్త్రీ జట్టుకి అంకెల సంగతి చెప్పాడు. ఆరు నుంచి ఇరవై దాకా, ఊపిరి బిగబట్టకుండా, అడగ్గానే పైకి చెప్పాలన్నాడు. జట్టంతా మొహాలు చూసుకున్నారు. "ఆసుపత్రిలో మన మేస్త్రీని మార్చేసి వేరే మనిషిని ఇచ్చినట్టున్నారు" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు, మేస్త్రీ కూడా.

బీరువా గుమ్మం దాటి మెట్ల మీదికి వచ్చింది. మేస్త్రీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని ముందుగా దిగి, మలుపు దగ్గర గోడవారగా నిలబడి పైకి చూశాడు. దిగేటప్పుడు కింద కొనవాడు వెనక్కి వెనక్కి దిగుతాడు. అందుకని మేస్త్రీకి కనబడింది బామ్మర్ది వీపు.

ఇరవై ఆరేళ్ళలో ఆ వీపుని పనిలో ఉండగా ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ పైకొనే తనది. సామాను మీదుగా బామ్మర్ది నడినెత్తి కనబడేది, అంతే. ఇప్పుడు మొత్తం కనబడుతోంది. కుడి భుజం నాలుగు వేళ్ళు కిందికి జారి ఉంది. బరువంతా ఎడమవైపే పడుతోంది. కుడిచెయ్యి పట్టీని పట్టుకున్నట్టు ఉందే గానీ, మోచెయ్యి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఒక్కో మెట్టు దిగేముందు నడుం ఎడమకి ఒంగి, మళ్ళీ లేస్తోంది. ఇది ఇవాళ వచ్చిన వంపు కాదు. ఒళ్ళు చాలాకాలంగా అలవాటు చేసుకున్న వంపు.

"అంకెలు" అన్నాడు మేస్త్రీ.

"పన్నెండు" అన్నాడు డ్రైవరు. పక్కవాళ్ళు పన్నెండు, పదమూడన్నారు.

"పదకొండు" అన్నాడు బామ్మర్ది.

ఆ పదకొండుని మేస్త్రీ గుర్తుపట్టాడు. తాను నాలుగు వారాలు చెప్పిన పదకొండే అది. ఊపిరి బిగబట్టి, పళ్ళ మధ్యనుంచి.

"మలుపులో దించండి" అన్నాడు. దించారు. జట్టు అలా మధ్యలో దించడం ఎప్పుడూ ఎరగదు. పైనుంచి వకీలుగారు తొంగిచూశారు. మేస్త్రీ బామ్మర్ది పక్కకి వెళ్ళి కుడి భుజం మీద చెయ్యి వేశాడు. మెల్లగానే వేశాడు, అయినా అతను మొహం తిప్పుకున్నాడు.

"నిజం చెప్పరా. ఎంత?"

"పద్దెనిమిది బావా" అన్నాడు బామ్మర్ది గోడ వైపు చూస్తూ. తర్వాత, అడక్కుండానే, "రెండేళ్ళ నుంచీ" అన్నాడు.

"రెండేళ్ళు నాతో అనలేదేం?"

"పైన నువ్వు తేలికంటుంటే, కింద నేనేమనను?"

మేస్త్రీకి ఛాతీలో కలుక్కుమంది. స్టెంట్లకి సంబంధం లేని నొప్పి. బామ్మర్ది మీద పడకుండా రెండంతస్తులు మోశానని ఊరంతా చెప్పుకున్నాడు. రెండేళ్ళుగా ఆ బామ్మర్ది నోరు నొక్కిపెట్టింది తన మాటేనని తెలియలేదు. జట్టందరి ముందు అతని చెయ్యి పట్టుకుని, "తప్పు నాదిరా" అన్నాడు.

పైకి చూసి, "బీరువా ఇవాళ ఇక్కడే ఉంటుందండీ. రేపు ఇంకో ఇద్దరు మనుషుల్ని తెచ్చి దించుతాను" అని వకీలుగారికి చెప్పాడు. వకీలుగారు ఒక్క క్షణం ఆలోచించి, సరేనన్నారు. మేస్త్రీ ఇద్దరిని అక్కడ కాపలా ఉంచాడు. బామ్మర్ది ఒంటి మీది పట్టీలు తానే విప్పి చుట్టబెట్టాడు, రెండు కిలోలు కూడా ఉండవు. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు సాయంత్రం ఐదింటిదాకా ఉంటాడని ఆయనకి తెలుసు. ఇద్దరూ ఖాళీ చేతులతో మెట్లు దిగడం మొదలుపెట్టారు. ఈసారి మేస్త్రీ కిందివైపు నడిచాడు.